‘సేటు గారు లేరు’ అని వచ్చిన మెయిల్

ఇది ఒక సామ్రాజ్యం కూలిన కథ. మూడు పట్టణాలను ఏలిన పాత పాలకుణ్ణి గద్దె దించి, కొత్తవాణ్ణి కూర్చోబెట్టిన వైనం. ఇందులో ఒక మరణవార్త ఉంది, పూలదండ ఉంది, వానలో జీపు ప్రయాణం ఉంది, ఒక ఆడపిల్ల కన్నీళ్ళు ఉన్నాయి. జాగ్రత్తగా సాగదీస్తే పద్దెనిమిది పర్వాలకు సరిపడే సరుకు.

అలా మొదలుపెడితే బాగుంటుందని అనుకున్నాను. నిజానికి జరిగింది ఇది: 1998 వానాకాలంలో, మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లులో, కంప్యూటర్‌లో ఉన్న ఒక ప్రోగ్రామ్ తీసేసి ఇంకొకటి పెట్టాను. పాలకుడంటే ఆ ప్రోగ్రామే. చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఆడపిల్ల కన్నీళ్ళు మాత్రం నిజం.

అప్పట్లో నేను హైదరాబాదులోని ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీలో సపోర్ట్ ఇంజినీరుని. హోదా వివరించాలంటే, సేల్స్ వాళ్ళు ఊరూరా తిరిగి మాట ఇస్తారు, సపోర్ట్ వాళ్ళు వెనక వెళ్ళి ఆ మాటకు తిట్లు తింటారు. ఆ ఏడు జూన్‌లో నన్ను సూర్యాపేటలో వేశారు. మాకు అక్కడ ఒకే ఖాతాదారు, మిర్యాలగూడ మిల్లు యజమాని. మిల్లు, హెడ్డాఫీసు మిర్యాలగూడలో. వడ్లు కొనే ఆఫీసు సూర్యాపేట మార్కెట్ యార్డు పక్కన. బియ్యం లారీల రాకపోకలు చూసుకునే ఆఫీసు కోదాడలో, హైవే మీద. నన్ను సూర్యాపేటలోనే ఎందుకు ఉంచారని అడిగితే, మూడు ఊళ్ళకూ అది మధ్యలో ఉంటుందని మా మేనేజర్ అన్నాడు. ఆ మూడు ఊళ్ళూ త్రికోణంలా ఉంటాయి. త్రికోణంలో ఏ మూలా మధ్యలో ఉండదు. ఆ సంగతి చెప్పాను. మేనేజర్ లెక్కల్లో పోస్టుగ్రాడ్యుయేటు, అందుకని వినలేదు.

యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. ఆయన అసలు పేరు నేను కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా చూడలేదు, ఎవరి నోటా వినలేదు. ఆయన ఎదుట ఆయన పేరు ఎత్తడం మిల్లులో ఎవరికీ అలవాటు లేదు. ఈ మర్యాదే తర్వాత మా కొంప ముంచింది.

మిల్లు ఆఫీసులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. సూర్యాపేట, కోదాడల్లో చిన్నవి రెండు. మూడింటినీ కలిపేది ఇంటర్నెట్ కాదు, టెలిఫోను. కోదాడ కంప్యూటర్ మోడెమ్ ద్వారా మిర్యాలగూడకు ఫోన్ చేస్తుంది. రెండు మోడెములూ కాసేపు కీచుమని అరుచుకుని, ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఆ ఊరి ఉత్తరాలు ఈ ఊరికి, ఈ ఊరివి ఆ ఊరికి మార్చుకుని ఫోన్ పెట్టేస్తాయి. వచ్చిన ఉత్తరాలను తీసుకుని, పేరు చూసి, ఎవరి పెట్టెలో వాళ్ళకు వేసేది మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్. పోస్టాఫీసులో సార్టింగ్ చేసే ఉద్యోగి అనుకోండి.

లినక్స్‌తో పాటు ఊరికే వచ్చే ఆ ఉద్యోగి పేరు సెండ్‌మెయిల్. లోకమంతా పనిచేసిన అనుభవం ఉన్నవాడు. మా దగ్గరే ఇమడలేదు. ప్రతి కవరూ చేతిలోకి తీసుకుని, ఈ చిరునామా నిజమేనా అని ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండే పేర్ల డైరెక్టరీని అడిగేవాడు. మాకు ఇంటర్నెట్టే లేదు. అడుగుతాడు, జవాబు కోసం కూర్చుంటాడు, రాకపోతే మళ్ళీ అడుగుతాడు. ఈలోపు మిగతా కవర్లు వరసలో నిలబడి ఉంటాయి. నిబంధనలు కంఠతా వచ్చి, ఎక్కడ కూర్చున్నాడో తెలియని ఉద్యోగులు ప్రభుత్వంలోనే ఉంటారనుకునేవాణ్ణి అంతకుముందు. దాన్ని సరిచేయాలంటే దాని సెట్టింగుల ఫైలు తెరవాలి. ఆ ఫైలు పాతకాలపు దస్తావేజులా ఉంటుంది. అక్షరాలన్నీ తెలిసినవే. ఏ అక్షరం ముట్టుకుంటే ఎవరి పొలం ఎవరికి పోతుందో మాత్రం తెలియదు.

ఫలితం ఏమిటంటే, సూర్యాపేటలో వడ్లు కొనే లింగయ్య పొద్దున్నే మార్కెట్ రేటు మెయిల్‌లో పంపేవాడు. పంపి, అదే రేటు ఒక చీటీ మీద రాసి మిర్యాలగూడ బస్సు కండక్టర్ చేతిలో పెట్టేవాడు. చీటీ ముందు వచ్చేది.

జూలైలో ఒకరోజు సేటు నన్ను పిలిపించారు. ఆయన బల్ల మీద ఆనాటి చీటీ ఉంది. పక్కన హెడ్ గుమాస్తా నర్సింహ నిలబడి ఉన్నాడు.

“ఇంజినీరూ, జర సమజ్ చేయి. బస్సు నేను కొన్నది కాదు. దానికి నేను కరెంటు ఇస్తలేను. నీ డబ్బాకు ఏసీ గూడ పెట్టిచ్చిన. మరి బస్సే ఎందుకు ముందుగాల వస్తున్నది?”

ఏసీ లేకపోవడం వల్లే బస్సు తొందరపడుతోందేమో అన్నాను. నర్సింహ గోడవైపు తిరిగి దగ్గాడు. సేటు నవ్వలేదు. ఆయన పద్ధతి ప్రకారం తీర్పు అప్పుడే చెప్పేశారు.

“వచ్చే సోమవారం కోదాడల పది గంటల బస్సుకు ఒక చీటి ఇస్తరు. గప్పుడే ఆ పిల్ల నాకు మెయిల్ కొడ్తది. ఏది ముందొస్తే అది ఉంటది. బస్సు ముందొచ్చిందనుకో, కోదాడ డబ్బా తెచ్చి గోదాంల పడేస్త. ఫోన్ ఎత్తెతందుకు ఒక హమాలీ సాలు. ఇగ ఆ పిల్లెందుకు గాడ?”

ఆ పిల్ల పేరు ఎస్తేరు. కోదాడ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఆఫీసంటే టైర్ల షాపు పక్కన ఒక షట్టర్ గది, ఒక బల్ల, ఒక ఫోను, ఆమె. మరునాడు కోదాడ వెళ్ళి విషయం చెప్పాను. ఆమె కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ విన్నది.

“అంటే నా ఉద్యోగాన్ని బస్సుతో పందెం కాశారా సార్?”

“నేను కాయలేదమ్మా. సేటు కాశారు.”

“ఏ బస్సండి? ఎక్స్‌ప్రెస్సా, ఆర్డినరీనా?”

ఆర్డినరీ అన్నాను. హుజూర్‌నగర్‌లో ఆగి, డ్రైవరూ కండక్టరూ టీ తాగాక బయలుదేరే బస్సు అని కూడా చెప్పాను, ధైర్యానికి.

“టీ తాగొచ్చే బస్సుతో కూడా ఓడిపోతే ఇంక నేను ఉండకపోవడమే మంచిదిలెండి,” అంది. గుడ్డ అంచులు సర్దుతూ, “కాన్వెంటులో టీచరు పని మానేసి వచ్చానండి దీనికోసం. వెళ్ళేటప్పుడు మదర్ గారు ఏమన్నారో తెలుసా? ‘ఆ పెట్టెలు ఎన్నాళ్ళుంటాయో, చూసుకో ఎస్తేరూ’ అన్నారు. మళ్ళీ వెళ్ళి ఆవిడ ముందు నిలబడాలి. ఒకటో తరగతి ఇచ్చినా చెప్తాను గానీ ఆవిడ మొహం చూడలేను” అంది.

ఏదైనా చేస్తానన్నాను. సపోర్ట్ వాళ్ళు సాధారణంగా అనకూడని మాట అది.

పాతవాణ్ణి మార్చడం తప్ప నాకు దారి కనపడలేదు. హైదరాబాదు వెళ్ళి, అమీర్‌పేటలో ఒక మిత్రుడి దగ్గర క్యూమెయిల్ అనే కొత్త ప్రోగ్రామ్ ఫ్లాపీలో పట్టుకొచ్చాను. ఇది పనిని ముక్కలుగా పంచుతుంది. కవరు తీసుకునేవాడు ఒకడు, వరసలో పెట్టేవాడు ఒకడు, ఊళ్ళో పంచేవాడు ఒకడు, పొరుగూరికి పంపేవాడు ఒకడు. ఒకరి గదిలోకి ఒకరు పోకూడదు, తాళాలన్నీ ఎవరి చేతిలోనూ ఉండవు, ఒకరి మాట ఒకరు నమ్మరు. నర్సింహకు ఇదంతా వివరిస్తే, “అచ్చం మన మిల్లు లెక్కనే ఉన్నది సాబ్” అన్నాడు. ఒక్కసారికే అర్థం చేసుకున్న ఖాతాదారు నా సర్వీసులో అతనొక్కడే.

ఆదివారం మిల్లుకు సెలవు. ఆ పగలు పని పెట్టుకున్నాం. పద్ధతి ఇది. ముందు బయటి నుంచి ఫోన్లు రాకుండా మోడెమ్ ఆపాలి. పాతవాడి వరసలో మిగిలిపోయిన ఉత్తరాలన్నీ పంచేదాకా ఆగాలి, లేకపోతే అవి అనాథలవుతాయి. తర్వాత పాతవాణ్ణి ఆపాలి. చెరిపేయకూడదు. పేరు మార్చి పక్కన పెట్టాలి, ఎందుకంటే కొత్తవాడు మొండికేస్తే అతన్నే బతిమాలి తెచ్చుకోవాలి. ఆ తర్వాత కొత్తవాణ్ణి కూర్చోబెట్టి, ఊరి పేర్లు చెప్పి, మోడెమ్ మళ్ళీ కలపాలి. ఇంకొక చిన్న పని కూడా ఉంటుంది. దాన్ని ఆఖరుకు దాచాను. ఇప్పుడే చెబితే కథ ఇక్కడే ఐపోతుంది.

మధ్యాహ్నానికి అన్నీ ఐపోయాయి. నర్సింహకు ఒక మెయిల్ పంపాను, కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. నాకు నేను పంపుకున్నాను, వచ్చింది. మోడెమ్ మీదుగా సూర్యాపేటకు పంపాను, వెళ్ళింది. కోదాడలో ఎస్తేరు, చర్చి నుంచి నేరుగా వచ్చి ఆఫీసు తెరిచి కూర్చుంది. ఆమెకూ వెళ్ళింది, ఆమె జవాబు కూడా వచ్చింది. సేటుకు కూడా ఒకటి పంపి చూద్దామా అని నర్సింహను అడిగాను.

నర్సింహ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “సేటుకు ‘టెస్ట్, టెస్ట్’ అని కాయితం పంపుతవా సాబ్? అంత పెద్ద మనిషికి ఏం సంగతి లేకుండ ఉత్తరం రాస్తమా? రేపు అసలుది వస్తది గదా.”

నాకూ సమంజసంగానే తోచింది. ఎవరూ పంపలేదు.

సోమవారం పొద్దున సేటు పూజ ముగించుకుని వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. పోటీ సజావుగా జరగాలని ఆఫీసు ఫోను తీసేసి, ఆ లైను మొత్తం మోడెమ్‌కే ఇచ్చాను. ఎవరు ఫోన్ చేసినా ఇక మోడెమే ఎత్తుతుంది. వర్షం సన్నగా పడుతోంది. పది గంటలు దాటాక మోడెమ్ మోగింది, కీచుమంది, దీపాలు ఆడాయి, ఆగింది. కోదాడ ఉత్తరం మా గడప దాటి వచ్చేసింది. బస్సు ఇంకా కోదాడ పొలిమేర దాటి ఉండదు.

సేటు పెట్టె తెరిచాను. ఖాళీ.

“వచ్చిందా?” అన్నారు సేటు.

“వచ్చిందండి. లోపల సర్దుతోంది,” అన్నాను. ఇలాంటప్పుడు చెప్పడానికి మా వృత్తిలో ఉన్న మాటల్లో ఇది అన్నిటికంటే గౌరవప్రదమైనది.

పక్క తెరలో లాగ్ చూశాను. లాగ్ అంటే ప్రోగ్రామ్ తను చేసినవన్నీ ఎప్పటికప్పుడు రాసుకునే డైరీ. కొత్త ఉద్యోగి కవరు అందుకున్నాడు, మీద పేరు చూశాడు, ఆ పేరుగలవాడు ఈ మిల్లులో లేడని తేల్చాడు, కవరును పంపినవాళ్ళకే తిప్పికొట్టాడు. ఇదంతా రెప్పపాటులో. బస్సు ఓడిపోవాల్సినంత వేగం, పనికిరాని దిశలో.

కోదాడ కంప్యూటర్ మళ్ళీ ఫోన్ చేసి, తిప్పికొట్టిన ఉత్తరాన్ని తీసుకున్నాక అక్కడ జరిగింది ఎస్తేరు తర్వాత చెప్పగా తెలిసింది. ఉత్తరం తిప్పి పంపేటప్పుడు ఈ ప్రోగ్రామ్ మర్యాదగా ఒక ఇంగ్లిషు లేఖ జోడిస్తుంది. ఆమె తెర ముందు కూర్చుని దాన్ని చదువుతుంటే, పందెం ఏమైందో చూద్దామని పక్క టైర్ల షాపు యాదగిరి తొంగిచూశాడు.

“ఏమైందమ్మా? ఏమన్నడు సేటు?”

ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. తన ఉద్యోగం పోయిందని అర్థమైంది. “సేటు గారు లేరంట” అంది.

“అరెరే! ఏందమ్మా, లేరా? ఎప్పుడు?”

“ఇప్పుడే వచ్చింది” అని, ఇంగ్లిషు చూసి ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. “‘నా చేతనైనంత ప్రయత్నించాను, లాభం లేకపోయింది. ఇది పర్మనెంటు. ఇంక ప్రయత్నం మానేశాను. ఇలా జరిగినందుకు విచారిస్తున్నాను’ అని రాశాడండి.”

ఆపరేషన్ గది నుంచి బయటకొచ్చిన డాక్టరు కూడా ఇంతకంటే పద్ధతిగా చెప్పడు. యాదగిరి తల మీది తువ్వాలు తీసేశాడు. “మొన్ననే గద ట్రాక్టరుకు టైర్లు తీస్కపోయిండ్రు!” అని లోపలికి పరుగెత్తి, తన షాపు ఫోన్‌లో సూర్యాపేట లింగయ్యకు కబురు చెప్పాడు. తర్వాత బయటకొచ్చి తన షట్టర్ దించాడు. ఎస్తేరును చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, ఆమె ఆఫీసు షట్టరూ దించాడు. అది కంప్యూటర్ మాట, సేటు మాట కాదు అని ఆమె చెబుతూనే ఉంది. “దుఃఖంల గట్లనే అనిపిస్తదమ్మా” అని అతను ఓదార్చాడు.

సూర్యాపేటలో లింగయ్య తెలివితక్కువ మనిషి కాదు. వార్త నిజమో కాదో తేల్చుకోవాలని మిల్లుకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది మా మోడెమ్. అటువైపు నుంచి ‘కీ...’ అని పెద్ద పెట్టున రాగం. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే రాగం. లింగయ్య అంతకుముందెప్పుడూ ఫోన్‌లో మోడెమ్ గొంతు వినలేదు. ఇంట్లో ఆడవాళ్ళు ఎంత ఏడుస్తుంటే ఫోన్‌లో అంత వినపడాలి అనుకున్నాడు. యార్డులో మా కొనుగోళ్ళు ఆపించాడు, పెద్ద దండ కొన్నాడు, జీపు కిరాయికి మాట్లాడాడు.

మాకు మాత్రం అప్పటికి చనిపోయింది మెయిల్ ఒక్కటే. సేటు ఎదురుగా కూర్చునే ఉన్నారు, నిక్షేపంగా, రెండో చాయ్ తాగుతూ. నేను లోపం వెతుకుతున్నాను. ఆ ప్రోగ్రామ్ పుస్తకంలో ఒక మూల ఒక వాక్యం ఉంది. యూజర్ అకౌంట్ పేరులో ఇంగ్లిషు పెద్ద అక్షరం ఒక్కటి ఉన్నా సరే, ఆ మనిషిని ఈ ప్రోగ్రామ్ గుర్తించదు. అకౌంట్ల పట్టీ చూశాను. నర్సింహ పేరు చిన్నక్షరాల్లో ఉంది. ఎస్తేరుది చిన్నక్షరాల్లో ఉంది. నాదీ అంతే. సేటు అన్న పేరు మాత్రం నాలుగు ఇంగ్లిషు అక్షరాలూ పెద్దవే.

నర్సింహను వరండాలోకి పిలిచి, ఇలా ఎవరు పెట్టించారని అడిగాను.

“నేనే సాబ్. మీకంటె ముందు వచ్చిన ఇంజినీరు అన్ని చిన్నగ రాసిండు. నాది గట్లనే, సేటుది గట్లనే అయితె ఫరక్ ఏమున్నది? సేటుది పెద్దగ రాయమన్న. ఆయన మస్తు పరేషాన్ అయిండు గాని, రాసిండు.”

నా ముందు వచ్చినవాడు పాత ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఎక్కడో ఒక అక్షరం కలిపి, దాన్ని పెద్దక్షరాలకు ఒప్పించాడన్నమాట. ఆ దస్తావేజులో ఆ అక్షరం ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు. కొత్తవాడికి సిఫారసులు పనిచేయవు. చిన్నక్షరాల్లోకి మార్చక తప్పదన్నాను.

“సేటు పేరు చిన్నగ చేస్తవా? ఆయన మిల్లుల, ఆయన కంప్యూటర్ల?” అన్నాడు నర్సింహ. అతని గొంతులో నిజమైన బాధ ఉంది. నేనేదో ఆస్తి రాయించుకుంటున్నట్టు.

మీ సేటు పేరు పెద్దగా ఉండాలా, కోదాడలో ఆ అమ్మాయి ఉద్యోగం ఉండాలా అని అడిగాను. నర్సింహ తలుపు సందులోంచి లోపల సేటును ఒకసారి చూశాడు. “సేటుకు ఎర్క కావొద్దు” అన్నాడు. అంతటితో సంతకం ఐపోయింది.

మార్చడం చిటికెలో పని. కష్టం తర్వాతది. ఎస్తేరు మళ్ళీ ఉత్తరం పంపాలి. మోడెమ్ తీసి ఫోన్ తగిలించి కోదాడకు చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. షట్టర్ అవతల యాదగిరి ఓదారుస్తున్నాడని నాకెలా తెలుస్తుంది? భయపడి ఇంటికి వెళ్ళిపోయిందనుకున్నాను. వాన పెద్దదైంది. బస్సు ఈపాటికి హుజూర్‌నగర్‌లో టీ ముగించి ఉంటుంది.

“ఇంక సర్దుతనే ఉన్నదా?” అన్నారు సేటు.

“పెద్ద ఉత్తరమండి,” అన్నాను.

అప్పుడు గేటు దగ్గర జీపు ఆగింది. లింగయ్య దిగాడు, తడిసి ముద్దై, చేతిలో గులాబీ దండ. మెట్ల దగ్గరే గొంతెత్తాడు. “సేటూ, ఎంత పని జేస్తివి సేటూ...” అంటూ లోపలికి అడుగుపెట్టి, కుర్చీలో చాయ్ గ్లాసుతో కూర్చున్న సేటును చూశాడు. రాగం మధ్యలో తెగిపోయింది. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

“ఏం జేసిన్నురా?” అన్నారు సేటు.

లింగయ్య చేతిలోని దండ చూసుకున్నాడు, సేటును చూశాడు, పక్కన కంప్యూటర్‌ను చూశాడు. నేరుగా నడిచివెళ్ళి దండను మానిటర్ మెడలో వేశాడు. “కొత్త ప్రోగ్రాము పెట్టిన్రంట గద సేటు. పూజ జేయాలె గదా.”

“కంప్యూటర్ పూజకు ఏడ్సుకుంట వచ్చినవా?”

లింగయ్య తడిసిన మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఉన్నదంతా చెప్పేశాడు. యాదగిరి ఫోను, కోదాడ పిల్ల చదివిన ఉత్తరం, తను మిల్లుకు ఫోన్ చేస్తే వినపడిన ఏడుపు. ఆ ఏడుపు మా మోడెమ్‌దని నాకు వెలిగింది గాని, అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. దండ వల్ల మానిటర్ గాలి రంధ్రాలు మూసుకుపోతున్నాయని గమనించి, దాన్ని కొంచెం పక్కకు జరిపాను. ఆ గదిలో ఆ క్షణాన చేయగలిగిన ఉపయోగకరమైన పని అదొక్కటే.

ఇంతలో గొడుగు ముడుస్తూ బస్సు కండక్టర్ వచ్చాడు. “సేటు, కోదాడ చీటి” అని బల్ల మీద పెట్టి, దండ వేసిన కంప్యూటర్‌ను, ఏడ్చిన లింగయ్యను, మమ్మల్నీ వరసగా చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

బస్సు గెలిచింది. అందరం చీటీని చూస్తూ నిలబడ్డాం. కోదాడలో ఒక షట్టర్ గది నా కళ్ళ ముందు మెదిలింది, దాని వెనక మదర్ గారి మొహం, నేను ఎప్పుడూ చూడని మొహం.

సేటు చీటీ విప్పలేదు. “లింగయ్యా, నేను సచ్చిన్నని నీకు ఎన్నింటికి తెలిసింది?”

“పదకొండు గాలేదు సేటు.”

“ఇప్పుడు?”

నర్సింహ గడియారం చూసి పన్నెండున్నర అన్నాడు.

సేటు చాయ్ గ్లాసు కింద పెట్టారు. “అంటె కోదాడల డబ్బా చెప్పిన మాట, బస్సు ఈడికి రాకముందే సూర్యాపేటకు వోయి, యార్డు బంద్ జేపిచ్చి, దండ కొనిపిచ్చి, జీపు ఎక్కిచ్చి వీణ్ణి ఈడికి తోలింది. గాదా? లేని సంగతే ఇంత జల్ది వొయిందంటె, ఉన్న సంగతి ఇంకెంత జల్ది వోవాలె!”

ఈ వాదనలో సాంకేతికంగా ఒక్క ముక్క కూడా నిజం లేదు. వార్తను మోసింది యాదగిరి ఫోను. మెయిల్ చేసినదల్లా చేరాల్సిన చోటికి చేరకపోవడం. వృత్తి ధర్మంగా ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. నర్సింహ మోచెయ్యి నా పక్కటెముకలకు తగిలింది. మూసుకున్నాను.

“ఉండనియ్యి డబ్బాను,” అన్నారు సేటు. “ఆ పిల్లను గూడ ఉండనియ్యి. గాని ఇంజినీరూ, ఇంకోపారి నన్ను సంపకు.”

సాయంత్రం ముందు ఎట్టకేలకు కోదాడ ఫోన్ పలికింది. ఎస్తేరే. యాదగిరి ఇప్పుడే షట్టర్ ఎత్తనిచ్చాడని, స్నానం చేసి రమ్మని కూడా చెప్పాడని అంది. తర్వాత గొంతు తగ్గించి, “నా సంగతి ఏమైందండి?” అంది.

“ఉద్యోగం ఉందమ్మా. సేటు గారు కూడా ఉన్నారు.”

అవతల నవ్వు మొదలై, మధ్యలో ఏడుపైంది. ఏది ఎక్కడ మొదలైందో తేల్చుకునే లోపు, ఎస్‌టీడీ కాల్ అని గుర్తొచ్చి ఆమే పెట్టేసింది. ఆ తర్వాత తను పంపిన మెయిల్ సేటు పెట్టెలో చక్కగా పడింది. అందులో ఆ రోజు వెళ్ళిన లారీల నంబర్లు తప్ప ఏమీ లేవు.

నర్సింహ ఒప్పందం కూడా నిలిచింది. కంప్యూటర్ లోపల సేటు చిన్నక్షరాల్లో ఉండిపోయారు. కాగితం మీద అచ్చేసేటప్పుడు మాత్రం పైన ఆయన పేరు పెద్దక్షరాల్లో వచ్చేలా పెట్టాను. సేటు ఆ రోజు తర్వాత మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. నర్సింహ కాగితం తీసుకెళ్ళి చేతికిచ్చేవాడు. ఎస్తేరు కోదాడ ఆఫీసులోనే పనిచేసింది, పెళ్ళయ్యాక కూడా. మదర్ గారు ఒకసారి వచ్చి ఆ పెట్టె చూసి వెళ్ళారని చెప్పింది. ఏమన్నారని అడిగితే, దుమ్ము దులపమన్నారంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది తక్కువే, గాని తర్వాత సర్వీసంతా వాడుకున్నాను. మెయిల్ సర్వర్ మార్చినప్పుడు మొదటి పరీక్ష ఉత్తరం ఆ సంస్థలో అందరికంటే పెద్దాయనకు పంపాలి, ఎందుకంటే మిగతా అందరూ ఆయనకు తప్ప అందరికీ పంపి చూస్తారు. అకౌంట్ల పేర్లు చిన్నక్షరాల్లో పెట్టాలి. ఉత్తరం తిరిగొస్తే ఫోన్‌లో ‘లేరు’ అనకూడదు, ‘పేరు దొరకలేదు’ అనాలి. ఈ మూడో నిబంధన మూడు ఆఫీసుల్లోనూ గోడకు అంటించాం.

ఆఖరుకు దాచిన చిన్న పని ఒకటి ఉంది. లినక్స్‌లోని మిగతా ప్రోగ్రాములన్నిటికీ ఉత్తరం పంపాలంటే పాతవాణ్ణి పేరు పెట్టి పిలవడమే అలవాటు. వాటినన్నిటినీ మార్చడం కుదరదు. అందుకని పాతవాణ్ణి తీసేసిన చోట, కొత్తవాడి తరఫున ఒక చిన్న ఫైలు పెట్టి, దానికి పాత పేరే ఉంచుతారు. ఆ ఫైలు పేరు సెండ్‌మెయిల్.